కాంగ్ జోని ద్రోహి అనాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీరు కొరియన్ సీరియళ్ల మీద వేసిన రెండు పేజీలు చదివాను. అన్నీ ప్రేమకథలే, హీరోల జుట్టు, బట్టల గురించే. అవి రాయొద్దని కాదు, ఇంటర్ చదివే మా అమ్మాయి కూడా అవే చూస్తుంది. కానీ 2023 నవంబర్ నుంచి 2024 మార్చి దాకా కొరియా టీవీ ఛానల్ కెబిఎస్‌లో వచ్చిన 32 ఎపిసోడ్ల ‘కొరియా-ఖితాన్ వార్’ గురించి ఒక్క ముక్క కూడా లేకపోవడం నాకు నిజంగా బాధనిపించింది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ అర్థం కాని చోటల్లా ఆపుకుంటూ మేమిద్దరం నెల రోజులు చూశాం దాన్ని.

అందులో కథ ఇదీ. 1009లో గోర్యో, అంటే అప్పటి కొరియా రాజ్యం, సేనాని కాంగ్ జో తన రాజు మోక్‌జోంగ్‌ని గద్దె దించి చంపించాడు. ఇంకా మీసం కూడా సరిగ్గా రాని హ్యోన్‌జోంగ్‌ని కూర్చోబెట్టాడు. ఉత్తరాన ఉన్న ఖితాన్ల చక్రవర్తికి కావాల్సిన సాకు దొరికింది, రాజుని చంపిన ద్రోహిని శిక్షిస్తానంటూ మరుసటి ఏడాది 4 లక్షల సైన్యంతో వచ్చి పడ్డాడు. అంటే దేశం నెత్తిన యుద్ధం తెచ్చిపెట్టింది ఈ మనిషే. మళ్లీ ఆ సైన్యానికి ఎదురు వెళ్లిందీ ఈ మనిషే. థోంగ్‌జు దగ్గర మొదట గెలిచాడు, ఆ ధీమాతో, శత్రువు లోపలికి వచ్చేశాడని కబురొచ్చినా కదలకుండా, గోటితో కాయలు కొట్టే ఆట ఆడుతూ కూర్చున్నాడని వాళ్ల పాత చరిత్రలోనే ఉంది. దొరికిపోయాడు. కంబళిలో చుట్టి బండిలో పడేసి తీసుకెళ్లారు. నా కొలువులో చేరతావా అని చక్రవర్తి అడిగితే, నేను గోర్యోవాణ్ణి, నీకెలా చేరతాను అన్నాడు. ఒంటి మీద మాంసం కోస్తూ మళ్లీ అడిగినా అదే మాట. పక్కనే ఉన్న ఉపసేనాని, కొత్త సూర్యచంద్రుల్ని చూశాక పాత కొండలూ నదులూ ఎందుకు గుర్తొస్తాయి అని లొంగిపోతే, ఆ స్థితిలోనూ అతన్ని కాలితో తన్నాడు కాంగ్ జో.

ఇప్పుడు ఇతన్ని ఏమనాలి? మా అమ్మాయి అడిగితే చెప్పలేకపోయాను. మన సినిమాల్లో ద్రోహి ఎవరో మొదటి సీన్‌లోనే తెలిసిపోతుంది, చూపు వేరు, వెనక మ్యూజిక్ వేరు. చూసేవాళ్లకి ఆలోచించే పని ఉండదు. మాది కారంపూడి పక్క ఊరు, వీరుల తిరునాళ్లలో పల్నాటి కథ వింటూ పెరిగినదాన్ని, నాగమ్మది తప్పా బ్రహ్మనాయుడిది తప్పా అని మా ఇంట్లో పెద్దవాళ్లు రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకునేవాళ్లు. మన జనానికి ఇలాంటి కథ అర్థం కాదని మాత్రం ఎవరూ అనకండి.

ఇక గోర్యో మరో సేనాని యాంగ్ గ్యూ. సరిహద్దు కోట హుంగ్‌హ్వాజిన్ అతని చేతిలో ఉంది. లొంగిపొమ్మని కాంగ్ జో పేరుతో ఖితాన్లు దొంగ ఉత్తరం పంపితే, నేను వచ్చింది రాజు ఆజ్ఞ మీద, కాంగ్ జో ఆజ్ఞ మీద కాదు అని తిప్పి పంపేశాడు. తర్వాత 1,700 మందితో రాత్రికి రాత్రి గ్వాక్‌జు కోట తిరిగి పట్టుకున్నాడు. నెల రోజుల్లో ఏడు యుద్ధాలు, సాయంగా ఒక్క దళం రాలేదు, అయినా బందీలుగా పోతున్న దాదాపు 30,000 మందిని విడిపించాడు. చివరికి 1011లో బాణాలు అయిపోయి, సైనికులు అలసిపోయి, పెద్ద సైన్యం చుట్టుముడితే అక్కడే చనిపోయాడు. పదహారో ఎపిసోడ్‌లో వస్తుంది ఇది. గెలిచి కిరీటం పెట్టుకున్నవాడు కాదు, కోట కూడా వదిలేసి జనం కోసం పోయినవాడు, అందుకే నాకు అంతగా పట్టేసింది.

ఆ తర్వాత సీరియల్ కొంచెం దారి తప్పిన మాట నిజమే. రాజు హ్యోన్‌జోంగ్‌ని తొందరపాటు మనిషిగా చూపించారని కొరియా ప్రేక్షకులే కోపంతో టీవీ ఆఫీసు ముందుకి నిరసన ట్రక్కు పంపారు. చరిత్ర విషయంలో వాళ్ల పట్టుదల చూస్తే ముచ్చటేస్తుంది. మళ్లీ 1019లో గ్విజు దగ్గర గోర్యో ముసలి సేనాని కాంగ్ గామ్‌చాన్ ఖితాన్లని చిత్తు చేసే ఘట్టం దాకా ఓపిక పట్టాలి.

వచ్చే ఆదివారం సంచికలో అర పేజీ అయినా ఇవ్వండి, యాంగ్ గ్యూ గురించి రాయించండి, ఆ కోటలు ఎక్కడెక్కడున్నాయో తెలిసేలా ఒక మ్యాప్ కూడా వేయండి. మేమైతే పేపర్ మీద పెన్సిల్‌తో గీసుకుని చూశాం.

– మీ పాఠకురాలు, పల్నాడు జిల్లా