ఆ గోలీలు ఇంటాయన కూడా వేసుకోవాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

పరకాలలో జాకెట్లు కుట్టుకుని బతికేదాన్ని. వయసు 32. రోజంతా మిషన్ తొక్కడం నాకు అలవాటే. పోయిన దసరా గిరాకీ అప్పుడు మాత్రం కాలు ఆడిస్తే చాలు, పొత్తికడుపులో కుడి పక్కన పోటు. వాసనతో తెల్లబట్ట, రాత్రయితే జ్వరం. ఊళ్లో ఆర్‌ఎంపీ వేడి చేసిందని మూడుసార్లు నొప్పి సూది వేశాడు. ఒక ఆస్పత్రిలోనైతే "ఇద్దరు పిల్లలున్నారు కదా, గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది" అన్నారు.

భయమేసి హనుమకొండలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాను. గర్భం ఉందేమోనని ముందు మూత్ర పరీక్ష, తర్వాత లోపలి పరీక్ష, స్కానింగ్ చేయించింది. అండాశయం, దాని పక్కనున్న గొట్టం రెండూ వాచాయంది. క్రిములు కింది నుంచి గర్భసంచి మీదుగా పైకి పాకితే ఇట్లా అవుతుందట. ఒక ఇంజెక్షన్ చేసి, 14 రోజులకు గోలీలు రాసింది. మూడో రోజు రమ్మంది, అప్పటికీ తగ్గకపోతే చీముగడ్డ ఉందేమో చూసి అడ్మిట్ చేయాలంది. మా ఇంటాయనకూ ఏడు రోజుల గోలీలు ఇచ్చింది.

నాలుగో రోజుకే నొప్పి పోయింది. మానేద్దామనిపించినా 14 రోజులూ వేసుకున్నాను. రెండు నెలలకు మళ్లీ అదే పోటు! "మీ ఆయన వేసుకున్నాడా?" అని అడిగింది డాక్టరమ్మ. ఇంటికొచ్చి చూస్తే గూట్లో దువ్వెన కింద ఉంది షీటు. 14 గోలీల్లో రెండే విప్పి ఉన్నాయి. "నాకేం రోగముంది?" అన్నాడు. ఏ బాధా లేకుండానే మగవాళ్ల ఒంట్లో ఆ క్రిమి ఉండి, కలిసినప్పుడు మళ్లీ ఆడవాళ్లకు అంటుకోవచ్చట. కాన్పు, అబార్షన్ తర్వాత కూడా ఈ వాపు రావచ్చు, ఒకరినొకరు అనుమానించుకోవద్దని డాక్టరమ్మే ఆయన్ను కూర్చోబెట్టి చెప్పింది. అప్పుడు తలదించుకుని విన్నాడు. ఈసారి ఇద్దరం పూటపూటకూ కలిసి వేసుకున్నాం, కోర్సు అయ్యేదాకా దూరంగా ఉన్నాం. ఇప్పుడు మిషన్ తొక్కుతున్నాను.

నాకైతే పిల్లలున్నారు. కొత్తగా పెళ్లైన పిల్లలకు ఇది మాటిమాటికీ వస్తే గొట్టాలు మూసుకుపోతాయి, గర్భం గొట్టంలోనే నిలిచి ప్రాణం మీదికి రావచ్చు.

2023 మార్చి 8న సర్కారు 'ఆరోగ్య మహిళ' పేరుతో ఆడవాళ్లకు మంగళవారం పరీక్షలు మొదలుపెట్టింది. అటువంటి చోట భర్తనూ లోపలికి పిలిచి, గోలీలు ఆయన చేతికే ఇచ్చి, ఎందుకో చెప్పాలని అధికారులను వేడుకుంటున్నాను. దయచేసి ఈ ఉత్తరం మగవాళ్లు చదివే పేజీలో వేయండి.

— ఒక టైలర్, పరకాల, హనుమకొండ జిల్లా