గుర్తు తెలియని వాహనం ఢీకొన్నా పరిహారం ఉంది

సంపాదకుడు గారికి,

రోడ్డు దాటుతున్న పాదచారిని గుర్తు తెలియని వాహనం ఢీకొట్టి వెళ్లిపోయిందని, పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారని జిల్లా పేజీల్లో తరచూ చదువుతుంటాం. బండి నంబరే తెలియనప్పుడు పరిహారం ఎవరిని అడగాలని బాధితులు చాలామంది అంతటితో ఊరుకుంటారు. నిజానికి మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ ఉన్నదే ఇలాంటివారి కోసం. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం ప్రకారం, ఢీకొట్టి పారిపోయిన వాహనం వల్ల మనిషి చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేల రూపాయలు ఇవ్వాలి. ఎముక విరిగినా అది చట్టం లెక్కలో తీవ్ర గాయమే.

2022లో దేశంలో ఇలాంటి ప్రమాదాలు 67,387 జరిగితే, 2022-23 ఆర్థిక సంవత్సరంలో ఈ పథకం కింద వచ్చిన దరఖాస్తులు 205, పరిష్కారమైనవి 95.

మా వీధిలో ఇడ్లీ బండి పెట్టుకుని బతికే ఒకావిడను తెల్లవారుజామున హైవే మీద ఏదో వాహనం కొట్టి పోయింది. తొడ ఎముకకు రాడ్డు వేశారు. ఎఫ్‌ఐఆర్ నకలు, గాయాల సర్టిఫికెట్, ఆసుపత్రి బిల్లులు ప్లాస్టిక్ కవరులో భద్రంగానే ఉన్నాయి గానీ, వాటిని ఆర్డీఓ ఆఫీసులోనో తహసీల్దారు ఆఫీసులోనో ఇవ్వవచ్చని చెప్పినవారు లేరు. కొడుకు స్టేషనుకు వెళ్లినప్పుడల్లా ‘బండి దొరికితే కబురు చేస్తాం’ అన్నారట. నంబరు తెలిసిన కేసయితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో పరిహారం కోసం పిటిషన్ (ఓపీ) వేద్దామంటూ మధ్యవర్తులు ఆసుపత్రి వార్డుకే వచ్చేవారు. 50 వేలలో వాళ్లకు మిగిలేదేమీ ఉండదు గనక ఇటు ఎవరూ తొంగిచూడలేదు.

ఈ పరిస్థితిని గమనించే సుప్రీంకోర్టు 2024 జనవరిలో స్పష్టమైన ఆదేశాలిచ్చింది. కేసు నమోదైన నెలలోగా వాహనం వివరాలు దొరక్కపోతే, ఈ పథకం కింద పరిహారం కోరవచ్చని పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దరఖాస్తు ఇవ్వాల్సిన అధికారి కార్యాలయ చిరునామా, ఈమెయిల్ వంటి వివరాలు కూడా అందులో ఉండాలి. ప్రమాద నివేదికను ఆ అధికారికీ పంపాలి. ఆ తరువాత నెలలోగా దరఖాస్తు రాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ బాధితులను కలిసి సాయపడాలి. పరిహారం మొత్తాన్ని పెంచే విషయం పరిశీలించమని కేంద్రానికి కూడా అదే ఉత్తర్వులో చెప్పింది. కాలు విరిగి నెలల తరబడి పనికి దూరమైన మనిషికి 50 వేలు ఏ మూలకూ చాలవు, నిజమే. కానీ చట్టం ఒప్పుకున్న ఆ కాస్త సొమ్మయినా చేతికందడం లేదన్నదే నా బాధ.

ఎస్పీలు, పోలీసు కమిషనర్లు నెలవారీ నేర సమీక్షల్లో ఒక్క ప్రశ్న అడిగితే చాలా మార్పు వస్తుంది: నంబరు దొరకని ప్రమాదాల్లో ఎందరికి ఈ లేఖ ఇచ్చారు? ఇవ్వని కేసులకు సంబంధిత స్టేషన్ అధికారి అయిన ఎస్‌హెచ్ఓ నుంచి జవాబు రాబట్టాలి. కలెక్టర్లు తమ జిల్లాలో ఈ దరఖాస్తులు తీసుకునే అధికారి ఎవరో ప్రతి పోలీస్ స్టేషన్లోనూ, ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీ దగ్గరా బోర్డు పెట్టించాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఇలాంటి ప్రమాద వార్త వేసిన ప్రతిసారీ, బాధితులు 161వ సెక్షన్ కింద ఆర్డీఓ లేదా తహసీల్దారు కార్యాలయంలో విచారించి దరఖాస్తు చేసుకోవచ్చన్న ఒక్క వాక్యం దాని చివర చేర్చగలరా?

ఇట్లు,
ఒక పాఠకుడు,
సూర్యాపేట జిల్లా