మేత లెక్కలో వేరు కూడా ఉండాలి

సంపాదకుడికి,

బెంగళూరు శివార్లలో హోసకోటె, ఆనేకల్ వైపు పొలాలు లేఅవుట్లయిపోతుంటే, మిగిలిన కాస్త నేలలోనే పాడి రైతులు పచ్చిమేత పండించుకుంటున్నారు. ఒకసారి విత్తితే మూడు నాలుగేళ్లు కోసుకోవచ్చని లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత వేస్తారు. తీరా చూస్తే చాలా మళ్లు ఏడాది తిరక్కుండానే పలచబడి కలుపు పాలవుతున్నాయి. అందరూ విత్తనాన్ని తిడుతున్నారు. నాకైతే కోతల తొందరే కారణమనిపిస్తోంది.

కోస్తే ఆకు పోతుంది, ఆహారం తయారయ్యే చోటే పోతుంది. ఇక కొత్త చిగుళ్లు రావాల్సింది తల్లివేరులో దాచుకున్న పిండిపదార్థం, మాంసకృత్తుల మీదే. దాదాపు రెండు వారాలు ఆ నిల్వ తరుగుతూనే ఉంటుంది. వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టడం కూడా అప్పుడు మందగిస్తుంది. ఆకు బాగా పరుచుకున్నాకే మిగులు కిందికి దిగి, పూత వేళకు వేరు మళ్లీ నిండుతుంది. ఆలోపే కొడవలి పెడితే కోతకోతకూ వేరు చిక్కిపోయి, వేసవి వచ్చేసరికి మొక్కే చస్తుంది. మొదటి కోతకు 70–75 రోజులు ఆగాలనీ, ఆ తర్వాత 25–30 రోజులకోసారి, పదో వంతు పూత కనిపించాక కోయాలనీ చెప్పేది ఇందుకే. నీళ్లో భాస్వరమో చాలనప్పుడు మొక్క ఎక్కువ వాటా వేరుకే పంపుతుంది. పైన ఎదగడం లేదని యూరియా గుప్పిస్తే బుడిపెలు తగ్గుతాయి తప్ప లాభం లేదు.

కొట్టంలో ఆవు అరుస్తుంటే పూత కోసం ఎవరాగుతారు? నిజమే. అందుకే మడిని భాగాలు చేసి వంతులవారీగా కోయడం నేర్పాలి. మేత పథకాల్లో మాకు వినబడేది మాత్రం ఎకరాకు ఎన్ని టన్నులన్న మాటే.

హెసరఘట్టలో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ మేత కేంద్రం ఉంది, ఆడుగోడిలో జాతీయ పశుపోషణ సంస్థ ఉంది. వాళ్లు పాల సంఘాల దగ్గర చిన్న ప్రదర్శన మళ్లు వేసి, ఒకదాన్ని తొందరగా, ఇంకొకదాన్ని పూతకు కోసి, రెండు చోట్లా వేళ్లు తవ్వి చూపించాలి. విత్తనం సంచి మీద కోత రోజులు అచ్చువేయాలి. ఇక్కడి తెలుగు రైతుల్లో చాలామంది చదివేది కన్నడమే కాబట్టి కరపత్రం కన్నడలో ఉన్నా ఇబ్బంది లేదు, వచ్చి చెప్పే మనిషికి మాత్రం తెలుగు రావాలి. లూసర్న్ విత్తేది అక్టోబరు, నవంబరుల్లో. ఆలోపే ఈ పని మొదలుపెట్టాలని పశుసంవర్ధక శాఖను కోరుతున్నాను.

– ఒక పాడి రైతు, హోసకోటె