వార్ధా వంతెన దాటి వచ్చినవాళ్లకు ఒక స్మారకం కట్టండి

సంపాదకుడు గారికి, నమస్కారం.

బల్లార్షాలో కాజీపేట రైలెక్కితే కాసేపటికే వార్ధా నది వంతెన వస్తుంది. 1947 ఆగస్టు 15న ఆ వంతెనకు ఇవతల చాందాలో (ఇప్పటి చంద్రపూర్) మూడు రంగుల జెండా ఎగిరింది. అవతలి ఒడ్డున రాజురా మాత్రం నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది. 1948 సెప్టెంబర్ 17 దాకా, అంటే మరో పదమూడు నెలలు, ఆ వంతెనే సరిహద్దు.

రజాకార్ల భయానికి ఆ నెలల్లో ఊళ్లొదిలి వచ్చినవాళ్లలో మా అమ్మమ్మ ఒకరు. ఆసిఫాబాద్ రోడ్డు స్టేషన్లో చంటిబిడ్డతో రైలెక్కింది. ‘చక్రాల సప్పుడు మారేదాంక బిడ్డ ఏడ్వకుంట కొంగు కింద అదిమి పట్టుకున్న’ అని చెప్పేది. చప్పుడు మారిందంటే వంతెన మీదికి వచ్చినట్టు. ఆ బిడ్డే మా అమ్మ. అమ్మమ్మకు స్వాతంత్ర్యం అంటే ఆ చప్పుడే.

నిజాం మీద పోరాడిన హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ వాళ్ల సరిహద్దు క్యాంపు ఒకటి చాందాలోనే నడిచింది. తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు గారు అందులో పనిచేశారు. ఆ క్యాంపు మాట అప్పుడప్పుడైనా వినిపిస్తుంది. పిల్లాజెల్లలతో వచ్చి పొట్టకూటికి కూలికి పోయినవాళ్ల మాట ఎక్కడా వినపడదు. ఆ పోరాటంలో తుపాకీ గుళ్లకు నేలకొరిగినవారికి పరకాలలో అమరధామం ఉంది. కాందిశీకులకు మా స్టేషన్లో ఒక రాయి కూడా లేదు. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, తర్వాత నాందేడ్‌కు, 1959లో చాందాకు మారింది. ఇన్ని చేతులు మారిన తాలూకా జ్ఞాపకాన్ని ఏ రాష్ట్రమూ తనదనుకోలేదు. అందుకే ఈ పని కేంద్రమే చేయాలి, జాతీయ స్మారకంగా చేయాలి.

అది బల్లార్షా స్టేషన్ దగ్గరే ఉండాలని నా కోరిక. అందమైన స్టేషన్ల పోటీలో 2018లో మొదటి బహుమతి తెచ్చిన గోడలివి. తడోబా పులుల బొమ్మలు చూసి పిల్లలు మురిసిపోతారు. వాటి పక్కన మూటలు నెత్తిన పెట్టుకుని రైలు దిగుతున్న మనుషుల్ని కూడా వాళ్లు చూడాలి. తెలుగు, మరాఠీ, గోండి, ఉర్దూ నాలుగింటిలోనూ రాయాలి. ఉర్దూ ఎందుకంటారా? 1948 సెప్టెంబర్లో భారత సైన్యం నిజాం రాజ్యంలోకి వచ్చిన పోలీసు చర్య తర్వాత ప్రాణాలు, ఇళ్లు పోగొట్టుకున్న ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ హైదరాబాద్ రాష్ట్రంలో ఊళ్లు తిరిగి దీని మీద నివేదిక ఇచ్చింది. వాళ్లను వదిలేసి కట్టే స్మారకం నాకు వద్దు. దేశ విభజనలో తూర్పు బెంగాల్ పోగొట్టుకుని గడ్చిరోలి జిల్లా చామోర్షి, ముల్చేరా పక్కన స్థిరపడ్డవాళ్లకూ అక్కడ చోటుండాలి.

అప్పుడు పదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు తొంభైకి దగ్గర. కాగజ్‌నగర్, ఆసిఫాబాద్, రాజురా పాఠకులారా, మీ ఇంటి పెద్దల్ని ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. ఏ ఊరు వదిలారో, ఏ స్టేషన్లో దిగారో, ఎవరు అన్నం పెట్టారో రాసిపెట్టండి. చంద్రపూర్ కలెక్టర్ గారికి ఇవ్వబోయే అర్జీకి వాటిని జతచేస్తాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర