బాపు ఒట్టు తప్పలేదు

ఆర్మూరు,
2025 సెప్టెంబరు 7.

చిరంజీవి చిన్నికి అమ్మ ఆశీస్సులు.

జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారన్న వార్త చూసి నువ్వు భయపడి ఫోన్ చేశావు. ఆ రాత్రి నీ మాట కాదనలేక మీ బాపు నీ తల మీద ఒట్టు వేసి, ఇక కల్లు ముట్టనన్నారు. మూడో రోజు సాయంత్రం మళ్లీ తాగారని తెలిసి నువ్వు ఫోన్ పెట్టేశావు. అప్పటి నుంచి ఆయనతో మాట్లాడలేదు. ఆ మూడు రోజులు ఇంట్లో ఏం జరిగిందో నీకు చెప్పకుండా దాచినందుకు నా మీద కోపం తెచ్చుకో, ఆయన మీద వద్దు. దుకాణానికి వెళ్లి సీసా తెచ్చి ఆయన చేత తాగించింది నేనే.

మొదటి రాత్రి ఆయనకు కునుకు పట్టలేదు. రెండో రోజు ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, అన్నం ముద్ద నోటి దాకా పోలేదు. మూడో రోజు మధ్యాహ్నానికి నన్ను గుర్తుపట్టలేదు. మంచం మీద కూర్చుని, లేని మోటారుకు లేని రాగి తీగ చుడుతూ, చుట్లు లెక్కపెడుతూ, లెక్క తప్పిందని ఏడ్చారు. ముప్పై ఏళ్ల పని ఆ చేతులను అప్పుడు కూడా వదల్లేదు. ఏం చేయాలో తోచక కల్లు తెచ్చాను. గంట లోపల వణుకు తగ్గి పడుకున్నారు. అంత తొందరగా కుదుటపడడం చూశాకే, ఆ సీసాలో ఉన్నది ఉత్త కల్లు కాదని నాకు అనుమానం కలిగింది.

మరునాడు మిగిలిన కల్లును కూడా వెంట తీసుకుని ఆయనను ఆసుపత్రికి తీసుకెళ్లాను. మూత్ర పరీక్షలో నిద్రమాత్రల జాతి మత్తుమందు బయటపడింది. చెట్టు కల్లు చాలని చోట నీళ్లలో తీపి కలిపి, మత్తు కోసం అల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతారని మనకు తెలియనిది కాదు. 2015లో తనిఖీలు పెరిగి ఆ మత్తు అందకుండా పోయినప్పుడు, మెడలు వంకరపోయి, ఫిట్స్ వచ్చి, పిచ్చిచూపులతో మనుషులు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు వరుస కట్టారు. అది చూసి కూడా, ‘సారా కాదు కదా, కల్లే కదా’ అని నేను ఊరుకున్నాను. మీ బాపు తన జీవితంలో ఒక్క నిద్రమాత్ర కూడా కొని మింగలేదు, బిడ్డా. తాను ఏ మందుకు బానిసయ్యారో ఆయనకే తెలియదు.

ఆ మందు రోజూ మెదడును శాంతపరుస్తూ ఉంటే, తనను తాను శాంతపరచుకునే శక్తిని మెదడు క్రమంగా తగ్గించుకుంటుందని, మందు హఠాత్తుగా ఆగితే అదుపు తప్పి వణుకు, భ్రమలు, ఫిట్స్ వస్తాయని, ఒక్కోసారి ప్రాణమే పోతుందని డాక్టరమ్మ చెప్పారు. అంటే నువ్వు కోరిన ఒట్టు, ఆయన నిజాయితీగా నిలబెట్టుకోబోయిన ఒట్టు, ఆయనను చంపి ఉండేది. నిన్ను నిందించడానికి ఈ మాట రాయడం లేదు. ఆ రాత్రి నీ పక్కన ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.

తొమ్మిది రోజులు వార్డులో ఉంచుకుని డైజెపాం మాత్రలు మొదలుపెట్టారు. మత్తు మాన్పించడానికి మళ్లీ మత్తుమాత్రేనా అని నేనూ అడిగాను. కల్లులో మందు ఏ సీసాలో ఎంత ఉందో అమ్మినవాడికైనా తెలియదు, మాత్రకు మాత్రం కొలత ఉంటుంది. పైగా అల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా పోతుంది, డైజెపాం మెల్లగా పోతుంది కనుక దించడం తేలిక అన్నారు. వారానికి సరిపడా మాత్రలే ఇస్తారు, అవి నా దగ్గరే ఉంటాయి, మోతాదు కొంచెం కొంచెంగా నెలల తరబడి తగ్గుతుంది. ప్రతి మత్తుకూ ఇదే వైద్యం కాదట. హెరాయిన్‌కు బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ ఉన్నాయి, సారాకు నాల్ట్రెక్సోన్ ఉంది, గంజాయికి ఇప్పటికైతే ప్రత్యేకమైన మాత్ర లేదు, కౌన్సెలింగే ఆధారం. నీ స్నేహితురాలి తమ్ముడి సంగతి చెప్పావు కదా, వాళ్లను 14446కు ఫోన్ చేయమను. అది మత్తు మానాలనుకునే వారికోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు. ఆరు నెలలు గదిలో పెట్టి తాళం వేసే చోటుకు మాత్రం పంపవద్దను. మీ బాపును కూడా అలాంటి చోట చేర్పించమని చుట్టాలు చెప్పారు. రాత్రిపూట డాక్టరు ఉంటారా అని నేను అడిగితే అక్కడివాళ్లు జవాబు చెప్పలేదు.

ఇప్పుడు ఆయనకు రాత్రి నాలుగు గంటలు నిద్ర పడుతోంది. చిన్న శబ్దానికి ఉలిక్కిపడతారు, ఉన్నట్టుండి విసుక్కుంటారు. ఇవి తగ్గడానికి నెలలు పడుతుందని ముందే చెప్పారు. నీకు దాచను, గత నెలలో ఒక దశదినకర్మకు వెళ్లి అక్కడ రెండు గ్లాసులు తాగారు. ఇంటికి రాగానే తానే చెప్పారు. డాక్టరమ్మ కోప్పడలేదు, ఎవరు పోశారు, ఏ వేళకు, అప్పటికి భోజనం చేశారా అని ఓపికగా అడిగి, మోతాదు తగ్గించడం రెండు వారాలు వాయిదా వేశారు. మనిషి ముఖం చాటేయకుండా ఉండడమే ముఖ్యమని నాతో విడిగా అన్నారు. నువ్వు మాట్లాడడం మానేసిన రోజు నుంచి ఆయన ముఖం చాటేస్తున్నది నీకొక్కదానికే.

బతుకమ్మకు వచ్చినప్పుడు మళ్లీ ఒట్టు వేయించుకోకు, నోరు వాసన చూడకు. తాగావా అని అడిగే పని నాకూ డాక్టరుకూ వదిలెయ్యి. అంతకుముందు ఒక్కసారి ఆయనకు ఫోన్ చెయ్యి. సాయంత్రం ఆరింటికి చేస్తే మంచిది. కల్లు దుకాణానికి వెళ్లే వేళ అదే కనుక ఆ గంట గడవడం ఆయనకు కష్టంగా ఉంది. కొట్టు కట్టేసి వచ్చి, ఫోన్ పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుంటున్నారు.

మీ అమ్మ