రోటర్ చప్పుడు: అమ్మడికి ఉత్తరం

పాలకొల్లు

చి.ల.సౌ. అమ్మడికి, నాన్న ఆశీస్సులు.

ఫోనులో నువ్వు వినిపించిన చప్పుడులో వాచీది ఎంతో, ఫోనుది ఎంతో తేలలేదు. అందుకే ఉత్తరం. ఇది పక్కన పెట్టుకుని ఒక్కో పనీ నిదానంగా చెయ్యి. మొత్తం విప్పి సర్వీసు చెయ్యాలని షాపులో అన్నారని అప్పుడే ఒప్పేసుకోకు. రోటర్ చప్పుళ్ళలో చాలావాటికి ఒక్క స్క్రూ బిగిస్తే సరిపోతుంది.

నీది సీకో 5, లోపల 7ఎస్26 మిషను. 1996 నుంచి వచ్చింది. దీనికి పక్కనుండే కిరీటం తిప్పి కీ ఇవ్వడం కుదరదు, చెయ్యి ఆడితేనే స్ప్రింగు ఎక్కుతుంది. వెనక మూత కింద అర్ధచంద్రాకారంలో కనిపించే బరువే రోటర్. నడుమ బాల్ బేరింగు, బేరింగు మధ్యలోంచి ఒకే ఒక్క స్క్రూ. రోటర్ ఎటు తిరిగినా స్ప్రింగు ఎక్కేలా కింద రెండు కొక్కేల మీట ఉంటుంది. సీకో వాళ్ళు 1959లో తెచ్చిన ‘మ్యాజిక్ లీవర్’ అదే.

మూత తియ్యకముందు విను. ఫ్యాను ఆపి, వాచీని చెవికి ఆనించి, బల్లపరుపుగా ఉన్నదాన్ని మెల్లగా నిలువుకి వంచు. ‘సర్ర్’మని సన్నగా జారిన శబ్దం వస్తే అది జబ్బు కాదు, రోటర్ దొర్లడం. వెనక గాజు మూత ఉన్న వాచీల్లో ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. ఇసుక నలిగినట్టు గరగరమంటే బేరింగులో మురికో, అరుగుదలో. ఒక్క వైపు వంచినప్పుడే ‘గీక్’మంటే రోటర్ అంచు మూతకో, మిషనుకో రాసుకుంటోంది. ఊపినప్పుడు ‘టక్’మని బరువుగా తగిలితే స్క్రూ వదులైనా అయ్యుండాలి, మిషనే కేసులో కదులుతూనైనా ఉండాలి. ఈ రెంటికీ తేడా మూత తీస్తేగానీ తెలియదు.

వానాకాలం తేమలో మూత తియ్యొద్దు. తేమ గాలి లోపల బిగిసిపోతే, ఏసీ గదిలోకి వెళ్ళగానే అద్దం లోపల ఆవిరి పడుతుంది. తలుపు మూసిన ఏసీ గదిలో అరగంట ఉంచి, అక్కడే తియ్యి. దాళ్వా నూర్పిళ్ళ రోజుల్లో ఇంటికొస్తే ఇక్కడ మాత్రం ఆ పని పెట్టుకోకు, వరి నూగు కిటికీ సందుల్లోంచి కూడా వస్తుంది.

కావలసినవి: మూత గాడిలో పట్టే ఓపెనరు, స్క్రూ గాడి వెడల్పుకి సరిపోయే స్క్రూడ్రైవరు, పదిరెట్లు చూపించే ఐ గ్లాసు, గాలి ఊదే రబ్బరు బంతి, వేళ్ళకి తొడుగులు, కింద పరవడానికి తెల్ల కాగితం. లోపలి భాగాలు కదపడానికి ఎండిన కొబ్బరి ఈనె కొన నున్నగా చెక్కుకో. పీచు లేకుండా తుడిస్తే ఇనుప పట్టకారు కంటే అదే నయం, గీత పడదు. నోటితో ఊదకు, తుంపర తుప్పు పట్టిస్తుంది. స్క్రూడ్రైవరుకి అయస్కాంతం పట్టి ఉంటే ముందు అది తీయించు. టైము నడిపే సన్నటి చుట్ల స్ప్రింగు ఉంటుంది, దాన్నే హెయిర్ స్ప్రింగు అంటారు. అయస్కాంతం దానికి సోకితే చప్పుడు పోయి, వాచీ ముందుకి పరిగెట్టడం మొదలవుతుంది.

మూత ఎడమవైపు తిప్పితే వస్తుంది. తీసిన వెంటనే మిషను వైపు కాదు, మూత లోపలి వైపు చూడు. అక్కడ వంపుగా మెరిసే గీత ఉంటే రోటర్ రాసుకున్న జాడ. మిషను అంచున నల్లటి పొడి కనిపించినా అదే అర్థం. ఆ పొడి తుడవకుండా స్క్రూ బిగించేస్తే అది బేరింగులోకే పోతుంది.

ఇప్పుడు ఈనెతో రోటర్ బయటి అంచుని కొద్దిగా పైకెత్తు. పిసరంత ఆట ఉండటం మామూలే. నడుమ ఉన్న స్క్రూ తల కూడా రోటర్‌తో పాటు కదిలితే దొంగ దొరికినట్టే. బిగించేముందు రోటర్‌ని తిప్పి, దాని బరువు భాగం, అటూ ఇటూ ఊగుతూ టైము నడిపే బ్యాలెన్స్ చక్రం మీదకి వచ్చేలా ఆపు. స్క్రూడ్రైవరు జారితే రోటర్ మీద గీతతో పోతుంది, చక్రం మీద పడితే వాచీయే పోతుంది. వేలితో రోటర్‌ని అలాగే పట్టుకుని, స్క్రూని ముందు ఎడమకి కాస్త తిప్పు. మర కుదురుగా పడినప్పుడు వేలికి చిన్న ‘టిక్’ తెలుస్తుంది. అక్కడినుంచి కుడికి. ఆగాక ఇంకొంచెం, అంతే. మణికట్టు బలమంతా పెట్టకు, తల తెగితే మర లోపలే ఉండిపోతుంది. ఈ స్క్రూ బిగించేది బేరింగు లోపలి వలయాన్ని మాత్రమే, కాబట్టి సరిగ్గా బిగిస్తే రోటర్ బిర్రుగా అవ్వదు. బిర్రుగా అయిందంటే లోపల ఇంకేదో లోపం ఉంది. ఈ పనికి ముందు ఎక్కి ఉన్న స్ప్రింగుని వదులు చెయ్యక్కర్లేదు.

నెల తిరక్కుండా మళ్ళీ వదులైతే స్క్రూ పూర్తిగా తీసి, లైటరు పెట్రోలులో కడిగి ఆరబెట్టు. మర కొనకి ఊదారంగు లాక్‌టైట్ 222 జిగురు సూది మొనంత పెట్టొచ్చు. ఎర్రది వద్దు, దాన్ని విప్పడానికి వేడి కావాలి. నా మట్టుకు శుభ్రం చేసి బిగించిన మరకి ఏ జిగురూ అక్కర్లేదంటాను.

గరగర తగ్గకపోతే రోటర్ తీసి, బేరింగు గోళీలని ఐ గ్లాసుతో చూడు. ఎండిన మురికైతే అదే లైటరు పెట్రోలులో ముంచి తిప్పితే పోతుంది. ఆరాక మోబియస్ 9010 లాంటి పలచటి వాచీ నూనె, సన్నటి ఆయిలరు మొనతో గోళీల మధ్య రెండు మూడు చోట్ల చుక్క. చుక్క అంటే చీమ తల. ఎక్కువైతే రోటర్ విసురుకి అది ఎగిరి హెయిర్ స్ప్రింగు చుట్ల మీద పడుతుంది. చుట్లు అంటుకుంటే వాచీ తెగ ముందుకి నడుస్తుంది. మనది కొబ్బరి సీమ కదా అని కొబ్బరినూనె ముట్టించకు. ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరే అది గడ్డకడుతుంది, ఆపైన ముక్కిపోయి బంకలా తయారవుతుంది. కుట్టుమిషను నూనె కూడా వద్దు. గోళీలు అరిగిపోయి ఉంటే నూనెతో ఆగదు, రోటరూ బేరింగూ కలిపి మార్చడమే.

స్క్రూ గట్టిగానే ఉండి, మిషను మొత్తం కేసులో కదులుతోందనుకో, చుట్టూ ఉండే ప్లాస్టిక్ రింగు చూడు. ఇంతకుముందు ఎవరో తీసి తలకిందులుగా పెట్టి ఉండొచ్చు, లేదా పగిలి ఉండొచ్చు.

అల్లుడుగారి వాచీ గురించి అడిగావు. అందులో మియోటా 8215 మిషను ఉంటే ఆ గిర్రుమనే మోతకి కంగారు పడక్కర్లేదు. దాని రోటర్ ఒకవైపు తిరిగినప్పుడే స్ప్రింగు ఎక్కిస్తుంది, రెండోవైపు ఊరికే తిరుగుతుంది. ఈటీఏ 2824 మిషను అయితే వేరే సంగతి. కిరీటంతో కీ ఇస్తుంటే రోటర్ కూడా తిరుగుతోందేమో చూడమను. తిరిగితే, రోటర్ ఎటు తిరిగినా స్ప్రింగు ఎక్కేలా చేసే రివర్సరు చక్రాలు బిగుసుకున్నట్టు. కీ ఇవ్వడం అప్పుడే ఆపెయ్యాలి, లేకపోతే పళ్ళు విరుగుతాయి. ఆ చక్రాలని లూబెటా వి105 అనే పలచటి కందెన ద్రావణంలో ముంచి ఆరబెట్టే పద్ధతి ఉంది. ఇంట్లో చేసే పని కాదు, చేయి తిరిగినవాళ్ళకి ఇవ్వండి.

మూసేముందు రబ్బరు వాషరు చూడు. బల్లపరుపుగా అణిగిపోయినా, చీలినా కొత్తది వెయ్యి. పాతదే వేస్తే సిలికాన్ గ్రీజు వేలితో రాసినంత పలచగా పట్టించు. ఇంట్లో మూసిన వాచీని నీటి పరీక్ష చేయించకుండా తడపొద్దు. 2027 పుష్కర స్నానమైనా సరే, తీసి సంచిలో పెట్టుకో. మూత బిగించాక మళ్ళీ చెవికి ఆనించి, మొదట విన్నట్టే నాలుగు వైపులా వంచి విను. ఆ రోజూ మర్నాడూ రోజుకి ఎన్ని సెకన్లు తేడా వస్తోందో రాసిపెట్టి నాకు పంపు. చప్పుడు ఆగి టైము ఒక్కసారిగా ముందుకి పోతోందంటే, నూనో అయస్కాంతమో అంటుకుందన్నమాట.

మీ అమ్మ ఆత్రేయపురం పూతరేకులు కట్టించి పంపిస్తోంది. అవి తిన్న చేత్తో మాత్రం మూత తియ్యకు తల్లీ, నెయ్యి ఎంత కడిగినా వేలిగోరు సందులో ఉంటుంది.

ఇట్లు
నాన్న