గబ్బిలాల చుక్కలకి రంగు మార్చండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సైన్స్ పేజీలో జంతువుల బరువుకీ ఆయుష్షుకీ ఉన్న లింకు మీద ఒక గ్రాఫ్ వేశారు, కింద "అరవై జాతుల లెక్క" అని గొప్పగా రాశారు. మా మనవరాలు ఇంటర్ బైపీసీ, అది పేపర్ పట్టుకొచ్చి తాతయ్యా ఈ మూల ఇన్ని చుక్కలు గుంపుగా ఉన్నాయేంటి అంది, కళ్ళజోడు పెట్టుకుని చూస్తే అవన్నీ గబ్బిలాలే, లెక్కపెడితే పందొమ్మిది తేలాయి. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు స్టాటిస్టిక్స్ చెప్పినోణ్ణి, ఇది చూసి ఊరుకోలేక రాస్తున్నా.

గబ్బిలం బుల్లిదే అయినా బాగా బతుకుతుంది, అందులో గొడవేం లేదు. సైబీరియాలో దొరికిన బ్రాంట్ గబ్బిలం ఒకటి ఏడు గ్రాముల ప్రాణి, 41 ఏళ్ళు బతికినట్టు రికార్డు ఉంది, మనింట్లో చిట్టెలుక అంతకి రెండు మూడింతల బరువుండి కూడా రెండు మూడేళ్ళకే పోతుంది. కాకపోతే ఆ పందొమ్మిది గబ్బిలాలూ ఎవరికి వారు కష్టపడి ఆయుష్షు పెంచుకోలేదు కదండీ, చాలావరకు వాటి ముత్తాత దగ్గర్నుంచి వచ్చిన ఆస్తే. మా బావమరిదికి మిర్చి యార్డులో కమీషన్ షాపు ఉంది, ఆయనకి చెప్తే టక్కున పట్టేశాడు. ఒకే రైతు ఒకే చేలోంచి ముప్పై టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి తెచ్చాడనుకోండి, ముప్పైటిలోంచీ కాయ తీసి ఘాటు చూసి ఈ ఏడు జిల్లా మొత్తం తేజ ఇంతే అంటే యార్డులో నవ్వుతారు, టిక్కీలు ముప్పై అయినా చేను ఒకటే కాబట్టి.

ఈ పేచీ పాతదే. 1888లో లండన్‌లో టైలర్ అనే ఆంత్రోపాలజిస్టు మూడొందల పైచిలుకు సమాజాల పెళ్ళి ఆచారాలు లెక్కగట్టి చూపిస్తే, సభలో ఉన్న గాల్టన్ అనే శాస్త్రవేత్త, వీటిలో ఎన్ని ఒకరి దగ్గర్నుంచి ఒకరు తెచ్చుకున్నవి అని అడిగాడు. జంతువుల విషయంలో దీన్ని గట్టిగా పట్టుకున్నది 1985లో జో ఫెల్సెన్‌స్టైన్ అనే జీవశాస్త్రవేత్త, అమెరికన్ నేచురలిస్ట్ పత్రికలో. ఆయన 40 జాతులతో ఒక ఊహా ఉదాహరణ వేశాడు, అవి 20 చొప్పున రెండు దగ్గరి గుంపులు, మొత్తం కలిపి చూస్తే రెండు లక్షణాలకీ చక్కగా సంబంధం కనపడుతుంది, ఏ గుంపుకి ఆ గుంపు చూస్తే ఏమీ ఉండదు.

విరుగుడు కూడా ఆయనే చెప్పాడు, వట్టి తీసివేత. దాన్ని మనవరాలికి ఉప్పలపాడు చెరువు గట్టు మీద కూర్చోబెట్టి చెప్పా, ఎదురుగా చెట్ల మీద పక్షులు గోల చేస్తుంటే. బరువుకీ ముక్కు పొడవుకీ సంబంధం ఉందేమో చూద్దామని నాలుగు జాతులు తీసుకున్నాం: ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ, గూడబాతు, దార్లో వరి పొలంలో కనపడ్డ తెల్ల కొంగ. ముందు వంశవృక్షం గియ్యమంటే అది మూడు కొంగల్నీ ఒక కొమ్మ మీద కూర్చోబెట్టి గూడబాతుని దూరంగా పెట్టింది, పేర్లు చూసి ఎవరైనా అదే చేస్తారు. డీఎన్ఏ ప్రకారం తెల్ల కొంగకి దగ్గరి చుట్టం గూడబాతు, ఎర్రకాళ్ళదీ నత్తగుల్లదీ వేరే ఇంటివాళ్ళు. (గూడబాతుకీ బాతుకీ అయితే పేరు తప్ప దగ్గరి చుట్టరికమేం లేదు.) వృక్షం సరిచేశాక ఎర్రకాళ్ళ కొంగ ముక్కు పొడవులోంచి నత్తగుల్ల కొంగది తీసెయ్యాలి, బరువులూ అంతే. ఆ తేడా వాళ్ళిద్దరూ వేరు కాపురాలు పెట్టాక వచ్చింది కాబట్టి అది కొత్త సమాచారం. గూడబాతుకీ తెల్ల కొంగకీ మధ్య తేడా రెండోది, ఈ రెండు ఇళ్ళ పెద్దలకీ అంచనా విలువలు కట్టి వాళ్ళ మధ్య తీస్తే మూడోది. నాలుగు జాతులకి మూడు తేడాలు, మీ అరవైకి యాభైతొమ్మిది, గ్రాఫ్‌లో జాతులకి బదులు ఈ తేడాల్నే చుక్కలుగా పెట్టాలి. విడిపోయి ఎక్కువ కాలమైతే తేడా ఎటూ పెరుగుతుంది గనక ఒక్కోదాన్నీ ఆ రెండు కొమ్మల పొడవుల (అంటే విడిపోయాక గడిచిన కాలాల) మొత్తం వర్గమూలంతో భాగించాలి, లోపలి కొమ్మలకి ఇంకో చిన్న సవరణ ఉంది కానీ అది కంప్యూటరే చూసుకుంటుంది, ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఏప్ అనే ప్యాకేజీ ఉచితంగా దొరుకుతుంది.

ప్రతిదానికీ ఇంత హంగామా అక్కర్లేదు, అదీ ఒప్పుకుంటా. చుట్టరికం ఎంత పనిచేస్తోందో చూడ్డానికి 1999లో పేజెల్ అనే జీవశాస్త్రవేత్త చెప్పిన లాంబ్డా అనే కొలత ఉంది, సున్నా దగ్గరుంటే చుక్కల మధ్య నుంచి గీసే మామూలు గీతే చాలు, ఒకటి దగ్గరుంటే ఈ పద్ధతి తప్పదు. అయితే దాన్ని గీతకీ చుక్కలకీ మధ్య మిగిలిన తేడాల్లో చూడాలి, బరువులోనో ముక్కులోనో విడిగా చూస్తే లాభం లేదు. నేనే మొదట్లో ఆ పొరపాటు చేసి ఒక కుర్రాడి ప్రాజెక్టు మొత్తం తిరగరాయించా, పాపం ఏమీ అనలేదు.

ఇంకో మాట, గబ్బిలాలు ఎగరటం వల్లే ఎక్కువ బతుకుతున్నాయని మీ వ్యాసంలో తేల్చేశారు. అయ్యుండొచ్చు, పక్షులు కూడా ఎగురుతాయి, అవీ తమ బరువుకి మించే బతుకుతాయి. కానీ ఎగరటం గబ్బిలాల వంశంలో ఒకసారి, పక్షుల వంశంలో ఒకసారి వచ్చింది, గబ్బిలాలవి వెయ్యి చుక్కలు పెట్టినా, పక్షులవి ఇంకో వెయ్యి పెట్టినా ఆ వాదనకి సాక్షులు ఇద్దరే, ఏ సాఫ్ట్‌వేరూ మూడోవాణ్ణి పుట్టించలేదు.

మీ డెస్కు వాళ్ళకి నా మనవి ఒక్కటే, ఈసారి ఇలాంటి గ్రాఫ్ వేస్తే ఒక్కో కుటుంబానికి ఒక్కో రంగు వేసి, పక్కన వేలెడంత వంశవృక్షం పెట్టండి. చోటు చాలకపోతే ఆ పక్కనున్న వారఫలాలు ఒక వారం ఆపేసినా మా ఇంట్లో ఎవరూ ఫోన్ చెయ్యరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్,
గుంటూరు